కెర్నెలు లాకులు: నిరీక్షణమా, నిద్రయా?

ఒకే కంప్యూటరునందు పెక్కు ప్రాసెసరులు పనిచేయునపుడు, ఉమ్మడి దత్తాంశమును కాపాడుట ఆపరేటింగ్ సిస్టమునకు మూలమైన కెర్నెలు బాధ్యత. ఒక థ్రెడ్డు ఒక పట్టికను మార్చుచుండగా మరియొకటి దానినే మార్చినచో లెక్క తప్పును. దీనిని నివారించు సాధనము లాకు. పెక్కు ప్రక్రియల నడుమ ఇట్టి పరస్పర నిరోధమును సాధించు విధానమును డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను. లాకును 'తాళము' అని తెనిగింపవచ్చును. కాని ఇంటితాళము పరులను వెలుపల నుంచుటకై యేర్పడినది. కెర్నెలు లాకు అర్హులలో ఒక్కొక్కరికి వంతు నిచ్చుటకై యేర్పడినది. అర్థమును బట్టి చూడగా 'వంతు' అను మాటయే దీనికి చేరువ.

వంతు రాని థ్రెడ్డునకు మార్గములు రెండు. మొదటిది స్పిన్నింగు, అనగా ప్రాసెసరును విడువక, లాకు విడుదలయైనదా యని మరల మరల పరీక్షించుచు నిలుచుట. రెండవది నిద్ర, అనగా ప్రాసెసరును వేరొక పనికి విడిచి, లాకు దొరకునపుడు మేల్కొనుట. మొదటిదానియందు ప్రాసెసరు కాలము వ్యర్థమగును. రెండవదానియందు నిద్రపుచ్చుటకును మేల్కొలుపుటకును వ్యయము కలదు. లాకు త్వరలో విడుదలయగునేని నిరీక్షణము మేలు, ఆలస్యమగునేని నిద్ర మేలు. అది యెప్పుడు విడుదలయగునో ముందుగా తెలియకపోవుటయే చిక్కు.

ఈ తెలియమి వలని నష్టమునకు హద్దు కట్టవచ్చును. నిద్రకగు వ్యయమెంతయో అంతకాలము మాత్రమే నిరీక్షించి, పిదప నిద్రించుట యొక నియమము. ఆ వ్యయము 10 మైక్రోసెకన్లని యనుకొన్నచో, 4 మైక్రోసెకన్లలో విడుదలయగు లాకునకు అయ్యెడి వ్యయము 4 మాత్రమే. లాకు 500 మైక్రోసెకన్లు చిక్కకున్నను వ్యయము 20ని మించదు. భవిష్యత్తు నెరిగిన వానికైనను అపుడు 10 తప్పదు. కావున నష్టమెన్నడును రెట్టింపును దాటదు.

అడాప్టివ్ స్పిన్నింగు కాలమును గాక లాకు పట్టిన థ్రెడ్డు స్థితిని చూచును. ఆ థ్రెడ్డు వేరొక ప్రాసెసరుపై నడచుచున్నచో నిరీక్షించును, నడువకున్నచో నిద్రించును. 1992లో వెలువడిన సొలారిస్ 2 మ్యూటెక్సులు ఈ పద్ధతివే. లైనక్సు మ్యూటెక్సులందు ఇది 2009లో చేరెను. పలు థ్రెడ్డులు ఒకే స్మృతిస్థానమును పరీక్షించినచో ఆ సమాచారము క్యాషెల నడుమ అటునిటు తిరుగుచు వేగమును తగ్గించును. ఒక్కొక్క థ్రెడ్డు తన సొంత స్థానమును మాత్రమే చూచు వరుసపద్ధతిని మెల్లర్ క్రమ్మీ, స్కాట్ అనువారలు 1991లో ప్రకటించిరి; లైనక్సు మ్యూటెక్సులు అట్టి వరుసను 2013లో గైకొనెను.

అయినను ఈ పద్ధతి సాఫల్యము తాను చూచు సాక్ష్యము సత్యమగుటపై నాధారపడియున్నది. వర్చువల్ యంత్రములందు, లోపలి కెర్నెలునకు నడచుచున్నట్లు తోచు ప్రాసెసరును వెలుపలి వ్యవస్థ ఆపివేసి యుండవచ్చును. అట్టితరి నిరీక్షణము నిష్ఫలము. కావున లాకు పట్టిన థ్రెడ్డు నడచుచున్నదా యనుటతో విచారణ ముగియదు. దానిని మోయు ప్రాసెసరు నిజముగా నడచుచున్నదా యని కూడ నరయవలెను.