ఆశాభంగము వేరు, లోపము వేరు

మాదాపురమున మైండ్‌స్పేస్ ప్రాంగణమందలి ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో పనిచేయు యువకుడొకరు ఈ శీర్షికకు సుదీర్ఘమైన లేఖ వ్రాసినారు. అమీర్‌పేట ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత యని చెల్లించి ఆడిన విద్యార్థి దినములు మొదలుకొని, కూకట్‌పల్లి అద్దెయింట స్వంత కంప్యూటరు అమర్చుకొన్న నేటివరకు, రాజ్యములు స్థాపించి, నగరములు నిర్మించి, సైన్యములను నడపు ఒక వ్యూహప్రధానమైన వీడియో గేమ్ పరంపరను విడువక ఆడుచు వచ్చిన ఆయన, దాని క్రొత్త భాగము వెలువడనున్నదని తెలిసిన నాడే నాలుగువేల పైచిలుకు రూపాయలు ముందుగా చెల్లించి ఎదురుచూచినారు. తీరా అది చేతికి వచ్చిన పిమ్మట తన ఆశలన్నియు అడియాసలైనవని వాపోవుచున్నారు. ఇదివరలో ఆది నుండి తుదివరకు ఒకే రాజ్యమును నడపు వీలుండగా ఇప్పుడు యుగము మారినప్పుడెల్ల రాజ్యమును మార్చుకొనవలసి వచ్చుచున్నదనియు, పటముల విస్తీర్ణము కుదించుకొనిపోయినదనియు, అమ్మకపు పేజీలో స్పష్టముగా పేర్కొన్న ఒక సదుపాయము గేమ్‌లో అసలే లేక ‘త్వరలో’ అను మాటతో సరిపుచ్చబడినదనియు, అన్నింటికన్న మించి, సంస్థ కోరిన ప్రమాణములను దాటిన కంప్యూటరులో సైతము రెండువందల టర్న్‌లు గడచునప్పటికి గేమ్ క్రాష్ అయి, సేవ్ చేసికొన్న ఆట మరల తెరచుకొనుట లేదనియు ఆయన ఆరోపణ. సొమ్ము తిరిగి యిమ్మని కోరగా, మీరు రెండు గంటలకన్న అధికముగా ఆడితిరి గనుక వీలుపడదని జవాబు వచ్చినదట. నాకు చట్టమున దిక్కు గలదా యని ఆయన ప్రశ్న.

గలదు, కాని ఆయన వ్రాసినదానికంతటికిని గాదు. ఏండ్ల తరబడి ప్రేమించి ఆడిన గేమ్ తన పోలికనే కోల్పోయినప్పుడు కలుగు వేదన ఎంత నిజమైనదో నేనెరుగుదును. ఒక సంస్థపై అంత కాలము విశ్వాసము నిలుపుకొన్న కొనుగోలుదారుని ‘ఆటేగదా’ యని తేలికగా త్రోసిపుచ్చుట అన్యాయమనియు నా నిశ్చితాభిప్రాయము. అయినను న్యాయస్థానము ముంగిట నిలువదలచిన వాడు మొట్టమొదట చేయవలసిన పని, తన ఫిర్యాదులలో రుచికి సంబంధించినవి ఏవో, వస్తువునకు సంబంధించినవి ఏవో నిర్దాక్షిణ్యముగా విడదీసికొనుట.

రాజ్యము మార్చుకొనవలసిన పద్ధతినే తీసికొందము. ఫిరాక్సిస్ సంస్థ 2025 ఫిబ్రవరి 11న విడుదల చేసిన ‘సివిలైజేషన్ 7’లో సరిగా ఇట్టి మార్పే చోటుచేసికొన్నది. 1991 నుండి సాగుచున్న ఆ పరంపరలో ఏ నాగరికతను ఎన్నుకొన్నవాడు ఆ నాగరికతతోనే చరిత్ర చివరి వరకు ప్రయాణించుట ఆనవాయితీ కాగా, ఏడవ భాగములో ఆటను మూడు యుగములుగా విభజించి, మౌర్యులతో ప్రారంభించినవాడు తరువాత చోళులకును, ఆపై మొగలాయీలకును మారునట్టి ఏర్పాటు చేసిరి. చిరకాలపు క్రీడాకారులనేకులు దీనిని మెచ్చలేదు. కాని ఈ మార్పును నిర్మాతలు దాచిపెట్టలేదు. విడుదలకు ముందే ప్రకటించిరి. తెలియజెప్పి చేసిన మార్పు ఎంత అప్రియమైనను అది కర్త యొక్క స్వేచ్ఛ. వినియోగదారుల కమిషన్ దానిని దిద్దజాలదు. ‘పాతదే బాగున్నది’ అను వాక్యము ఫిర్యాదు పత్రమున ఎన్ని మారులు వ్రాసినను ఒక్క రూపాయి యైనను రాబట్టదు.

ఈ విషయమున సుప్రీంకోర్టు తీర్పొకటి పాఠకులు తప్పక తెలిసికొనవలసి యున్నది. అది గేమ్‌ను గురించినది కాదు, సినిమాను గురించినది. అయినను మన ప్రశ్నకు దానికన్న దగ్గరి బంధువు లేదు. 2016లో వచ్చిన ‘ఫ్యాన్’ అను హిందీ చిత్రపు ట్రైలర్‌లో విశేషముగా ప్రచారము చేయబడిన ‘జబ్రా ఫ్యాన్’ పాట చిత్రములో లేకపోవుటచే మోసపోతినని ఒక ప్రేక్షకురాలు ఫిర్యాదు చేయగా, మహారాష్ట్ర రాష్ట్ర కమిషన్ ఆమెకు పదివేల రూపాయల పరిహారమును, ఐదువేల రూపాయల ఖర్చులను ఇప్పించినది. జాతీయ కమిషన్ దానిని సమర్థించినది. నిర్మాణ సంస్థ సుప్రీంకోర్టునకు పోగా, 2024 ఏప్రిల్ 22న న్యాయమూర్తులు పి.ఎస్. నరసింహ, అరవింద్ కుమార్‌ల ధర్మాసనము ఆ ఉత్తర్వులను రద్దుపరచినది. ట్రైలర్ అనునది ప్రేక్షకుని టికెట్టు కొనునట్లు ప్రోత్సహించుటకు ఉద్దేశింపబడిన ఏకపక్ష ప్రచారమే గాని ఒప్పందమునకు దారితీయు ప్రతిపాదన గాదనియు, కళను ప్రదర్శించు వానికి కొంత స్వాతంత్ర్యము సహజముగా ఉండుననియు ఆ తీర్పు సారాంశము. కావున ‘ట్రైలర్‌లో కనబడిన మహాయుద్ధము ఆటలో అంత మహత్తుగా లేదు’ అను వాదముతో వెళ్లువారు వట్టి చేతులతో తిరిగివచ్చుటకే సిద్ధపడవలెను.

అయితే ఆ తీర్పు పరిధి ఎంతవరకో కూడ గ్రహింపవలెను. అది పాత 1986 చట్టము క్రింద, ఒక చలనచిత్రపు ట్రైలర్ విషయమున వచ్చినది. అమ్మకపు పేజీలో ‘ఇందు ఇన్ని పటములు గలవు, ఇంతమంది కలిసి ఆడవచ్చును, ఇట్టి కంప్యూటరు చాలును’ అని వస్తువు స్వరూపమును వర్ణించు వాక్యములు వేరు; మనసును ఊరించు ట్రైలర్ వేరు. 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము, 2019, ‘లోపము’ను నిర్వచించుచు, చట్టమువలన గాని ఒప్పందమువలన గాని ఉండవలసిన ప్రమాణము లోపించుటనే గాక, విక్రేత ఏ రీతినైనను ఇట్లున్నదని చెప్పుకొన్న ప్రమాణము లోపించుటను కూడ అందు చేర్చినది. తప్పుడు వర్ణననిచ్చుటయు, ముఖ్యమైన సమాచారమును ఉద్దేశపూర్వకముగా దాచుటయు తప్పుదారి పట్టించు ప్రకటనయే యని అదే చట్టము రెండవ సెక్షన్‌లో చెప్పినది. మన లేఖకుని ఫిర్యాదులలో చివరి రెండును, అనగా పేర్కొన్న సదుపాయము లేకపోవుటయు, చెప్పిన ప్రమాణములు గల కంప్యూటరులో గేమ్ క్రాష్ అగుటయు, నా అభిప్రాయమున ఈ కోవలోనివి. అచ్చట ఆయన పక్షము బలమైనది.

సాఫ్ట్‌వేరు కంటికి కనబడని వస్తువు గదా, దానికి సరకుల న్యాయము వర్తించునా యని కొందరు సందేహింతురు. ఈ సందేహమునకు జవాబు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యములోనే లభించినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును మధ్య, 1957 నాటి రాష్ట్ర అమ్మకపు పన్ను చట్టము క్రింద తలెత్తిన వివాదమున, మాధ్యమముపై నిక్షేపించి బజారులో అమ్ము సాఫ్ట్‌వేరు ‘సరకు’యేనని 2004 నవంబరు 5న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. నేడు సీడీలు పోయి డౌన్‌లోడ్‌లు వచ్చినవి; ‘మేము అమ్మలేదు, ఆడుకొను లైసెన్సు మాత్రమే ఇచ్చితిమి’ అని సంస్థలు వాదించుచున్నవి. ఆ వాదమునే ఒప్పుకొన్నను వారికి కలుగు లాభము స్వల్పము. సరకు కానిచో అది సేవ. సేవలోని కొరతకును ఈ చట్టము పరిహారము చెప్పుచున్నది. పైగా డిజిటల్ ఉత్పత్తుల క్రయవిక్రయములను ఇ-కామర్స్ నిర్వచనమునందే చట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది.

ఇక రెండు గంటల నియమము. కొన్న పదునాలుగు దినములలోగా, రెండు గంటలకు మించి ఆడకున్నచో రీఫండ్ ఇత్తుమని చెప్పు విక్రయశాలలు గలవు. నచ్చలేదను ఒక్క కారణము మీదనే సొమ్ము తిరిగి ఇచ్చుట విక్రేత స్వచ్ఛందముగా చూపు మర్యాద గనుక దానికి హద్దు పెట్టుకొను అధికారము అతనికి గలదు. కాని వ్యూహప్రధానమైన గేమ్‌లో రెండు గంటలనగా ఎంత? తొలి నగరమునకు ప్రాకారము కట్టి, ఇరుగు పొరుగు రాజ్యములతో పరిచయము చేసికొనునప్పటికే ఆ కాలము కరగిపోవును. పటము నిండి, సైన్యములు పెరిగి, యంత్రముపై భారము పడు నడిమి ఘట్టములోనే క్రాష్ అగుట బయటపడును. అట్టి లోపము విషయమున గడియారము చూపి తప్పించుకొనుటకు చట్టము అంగీకరింపదు. లోపమున్న సరకును వాపసు తీసికొని, బిల్లులో చెప్పిన గడువులోగా, అట్టి గడువు చెప్పనిచో ముప్పది దినములలోగా, సొమ్ము తిరిగి ఇయ్య నిరాకరించుటయే అన్యాయ వ్యాపార పద్ధతి యని చట్టమున స్పష్టముగా నున్నది. ఆ బిల్లు గడువు రెండు గంటల ఆటయేనని విక్రేత వాదింపవచ్చును. దాగియున్న లోపము బయటపడకముందే తీరిపోవు గడువు గడువే కాదని మన ప్రత్యుత్తరము.

ఇట్టి పోరాటము విదేశమున జరిగి గెలిచిన దాఖలా కలదు. స్టీమ్ విక్రయశాలను నడపు వాల్వ్ సంస్థ రీఫండ్‌లు నిరాకరించుటపై ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ దావా వేయగా, తాము అమెరికా సంస్థ గనుక ఆస్ట్రేలియా చట్టము తమకు వర్తింపదని వారు వాదించిరి. 2016లో అచ్చటి ఫెడరల్ కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, ముప్పది లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది. 2018లో అత్యున్నత న్యాయస్థానము అప్పీలుకు అనుమతి నిరాకరించుటతో అది ఖాయమైనది. సంస్థలు తామే దిగివచ్చిన సందర్భములును లేకపోలేదు. నగర నిర్మాణ గేమ్ ‘సిటీస్: స్కైలైన్స్ 2’కు అనుబంధముగా 2024 మార్చిలో అమ్మిన ‘బీచ్ ప్రాపర్టీస్’ భాగముపై నిరసన వెల్లువెత్తగా, దాని నిర్మాతలు మరుసటి నెలలోనే క్షమాపణ చెప్పి, దానిని ఉచితముగా నిచ్చి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చుటకు పూనుకొనిరి.

మన దేశమునను విదేశీ సంస్థ యను మిష చెల్లదు. భారత వినియోగదారులకు క్రమముగా సరకులు అమ్ముచున్న ఇ-కామర్స్ సంస్థ, తాను ఇచ్చట స్థాపింపబడకున్నను, 2020 నాటి ఇ-కామర్స్ నియమములకు లోబడియే యుండవలెను. దాని ఫిర్యాదుల అధికారి నలువదియెనిమిది గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. ‘వివాదములన్నియు మధ్యవర్తికే’ యని సంస్థ షరతులలో వ్రాసికొన్నను వినియోగదారుల కమిషన్ తలుపు మూతపడదని ఎమ్మార్ ఎం.జి.ఎఫ్. కేసులో 2018 డిసెంబరు 10న సుప్రీంకోర్టు చెప్పినది. ఎక్కడో దూరదేశపు నగరమునకు పోనక్కరలేదు: ఫిర్యాది నివసించు చోటనో, జీవనార్థము పనిచేయు చోటనో దాఖలు చేయు హక్కును 34వ సెక్షన్ ప్రసాదించినది. మాదాపురము శేరిలింగంపల్లి మండలములోనిది గనుక, అచ్చట ఉద్యోగము చేయు మన లేఖకుడు రంగారెడ్డి జిల్లా కమిషన్‌ను ఆశ్రయింపవచ్చును.

ఆచరణకు వత్తము. కొన్ననాటి ఈమెయిల్ బిల్లు, చెల్లింపు రుజువు, అమ్మకపు పేజీ స్క్రీన్‌షాటు, ఇవి మూడును ప్రాణప్రదములు. పేజీని సంస్థ ఎప్పుడైన మార్చివేయును గనుక తేదీ కనబడునట్లు నేడే భద్రపరచవలెను. గేమ్ వెర్షన్ సంఖ్య, కంప్యూటరు వివరములు, క్రాష్ అయిన ప్రతి మారును చూపు వీడియో లేదా లాగ్, రీఫండ్ నిరాకరణ జవాబు కూడ చేర్చవలెను. ఎలక్ట్రానిక్ సాక్ష్యములకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షన్ క్రింద ధ్రువపత్రము జతపరచుట మేలు. పిదప ఫిర్యాదుల అధికారికి వ్రాసి, ఫలము లేనిచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవలెను. అచ్చట తెలుగులోనే మాటలాడవచ్చును. అదియు విఫలమైనచో ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుండియే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన మూల్యము ఐదు లక్షల వరకు ఉన్నప్పుడు రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. ప్రతివాదికి జవాబిచ్చుటకు ముప్పది దినములు, మరి పదునైదు దినములు, అంతే. అంతకు మించి పొడిగించు అధికారము కమిషన్‌కు లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది. మూడు నెలలలో, పరీక్ష అవసరమైనచో ఐదు నెలలలో తీర్పు రావలెనని చట్టము చెప్పుచున్నను, కార్యతః అంతకన్న జాగగునని ముందే మనసు సిద్ధపరచుకొనవలెను.

నాలుగువేల రూపాయలకై ఒంటరిగా ఇంత శ్రమ దేనికని అనిపించుట సహజము. అదే లోపమునకు గురియైన సహోద్యోగులు పదిమంది ఉన్నచో, కమిషన్ అనుమతితో అందరి పక్షమున ఒకే ఫిర్యాదు వేయు వీలు 35వ సెక్షన్‌లో గలదు. తప్పుదారి పట్టించు ప్రకటనలపై విచారించి పది లక్షల వరకు జరిమానా విధించు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకును ఫిర్యాదు పంపవచ్చును. గేమ్‌ను ప్రసారము చేసి ఆదాయము గడించువారు మాత్రము, అది తమ స్వయం ఉపాధియేనని చూపలేనిచో ‘వాణిజ్య ప్రయోజనము’ అను ఆక్షేపణ నెదుర్కొందురు. అనధికార వ్యక్తులవద్ద చవకగా ‘కీ’లు కొన్నవారి పక్షము మిక్కిలి బలహీనము. తల్లిదండ్రుల కొకమాట: 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము నిషేధించినది పందెపు సొమ్ముతో ఆడు ఆటలను, మూల్యమిచ్చి కొనుక్కొని ఆడు వ్యూహ క్రీడకు ఆ నిషేధముతో సంబంధము లేదు.

లేఖ వ్రాసిన సోదరునకు నా సలహా యిది. యుగములను, రాజ్యములను గురించిన నాలుగు పేజీలను ఫిర్యాదునుండి తీసివేయుడు. లేని సదుపాయమును గురించియు, రెండువందల టర్న్‌ల తరువాతి క్రాష్‌ను గురించియు ఒక పేజీ వ్రాసి, సాక్ష్యములు జతపరచి, మొదట ఫిర్యాదుల అధికారికి ఈ వారమే పంపుడు. సంస్థవారు అప్‌డేట్ వచ్చుచున్నది, వచ్చుచున్నదని కాలము వెళ్లబుచ్చవచ్చును. ఆ మాట నమ్మి ఊరకుండకుడు. కారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు దాఖలు కావలెనని 69వ సెక్షన్ శాసించుచున్నది.