‘ముందు’ అను మాటకు ఇంగ్లీషున ఎన్ని రూపములు?

గాజువాక చెంతనున్న ఆటోనగర్‌లో లారీలు బాగుచేయు కార్ఖానా నడుపుచున్న యొక గృహస్థుని కుమారుడు నాయొద్ద ఇంగ్లీషు చదువుకొనుచున్నాడు. తండ్రిగారి ఇంగ్లీషు వ్రాతకోతలన్నియు ఈ బాలుని వంతు. ఒక మాసమున 6వ తేదీన భువనేశ్వరమునందలి లారీ యజమానికి వర్తమానము పంపవలసి వచ్చెను. ‘మీ బండిని 20వ తేదీన తీసికొందుము, పది దినములు ముందుగా మాకు తెలియజేయుడు’ అని తండ్రిగారు తెలుగున చెప్పిరి. బాలుడు రెండవ వాక్యమును ‘ప్లీజ్ ఇన్ఫార్మ్ అస్ బిఫోర్ టెన్ డేస్’ అని వ్రాసి పంపెను.

తండ్రిగారి యుద్దేశము 10వ తేదీలోగా జవాబు రావలెనని. చదివిన యజమానియో, నేటినుండి పది దినములు గడువు కలదని తలచి, తీరికగా 15వ తేదీన జవాబిచ్చెను. అప్పటికే ఆ తావు వేరొక బండికి ఇచ్చివేసిరి. ఈ సంగతి యెరుగని డ్రైవరు 20వ తేదీన లారీని తెచ్చి, మూడు దినములు వీధిలో నిలిపి, అందులోనే పండుకొనెను. ఆ మూడు దినముల బత్తెము ఎవరీయవలెనన్న తగవు చాల దూరము పోయినది. తగవు తీరిన పిమ్మట బాలుడు నాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, ‘ముందు’ అనగా ‘బిఫోర్’ కాదా?” యని అడిగెను. ఈ వ్యాసము వానికి చెప్పిన సమాధానమే. కొంత పెంచి వ్రాయుచున్నాను.

విద్యార్థులారా, దోషము బాలునిది మాత్రమే కాదు. మన ‘ముందు’ అను మాట మిక్కిలి కష్టజీవి. ‘ఇంటి ముందు వేపచెట్టు’ అన్నప్పుడు అది స్థలమును చెప్పును. ‘ముందు ఇచ్చట చెరువుండెను’ అన్నప్పుడు గడచిన కాలమును, ‘ముందు నీకే తెలియును’ అన్నప్పుడు రాబోవు కాలమును చెప్పును. ‘ముందు పెద్దలు, పిదప పిన్నలు’ అన్నచో వరుసను, గౌరవమును చెప్పును. ఇంత బరువును ఒక్కటే మాట మోయుచున్నను మనకు తడబాటు కలుగదు. సందర్భమే అర్థము చెప్పును. ఇంగ్లీషువారు ఈ బరువును పదిమందికి పంచిపెట్టిరి. కాబట్టి అందు వ్రాయువాడు, దేనికి ముందు, ఎట్లు ముందు, ఎంత ముందు అని మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

‘బిఫోర్’ అను మాటకు వెనుక, సామాన్యముగా, ఒక సంఘటనగాని తేదీగాని రావలెను. ఎంతకాలము ముందో తెలుపు కొలత ఆ మాటకు ఎడమప్రక్క నిలువవలెను. ‘టెన్ డేస్ బిఫోర్ ది ట్వెంటియెత్’ అన్నచో 10వ తేదీ యని ఎల్లరకు తెలియును. కొలతను తెచ్చి ‘బిఫోర్’కు వెనుక నిలిపినచో, ఆ పది దినములు గడవకమునుపే యని చదువరి పొరబడుటకు వీలున్నది. మన డ్రైవరును వీధిలో పండబెట్టినది ఈ స్థానభేదమే.

ఈ సూత్రమును బాలుడు వెంటనే గ్రహింపలేదు. అప్పుడు నేను వానిని, “మీ కార్ఖానాలో డీజిల్ యంత్రమునకు టైమింగ్ ఎట్లు పెట్టుదురు?” అని యడిగితిని. వాని ముఖము వికసించెను. పిస్టను పైకొనకు చేరుటకు కొన్ని డిగ్రీల ముందే నూనెను చిమ్మవలెననియు, అది అంటుకొనుటకు కొంత వ్యవధి పట్టుననియు, మరీ ముందైనచో యంత్రము కొట్టుకొనుననియు, ఆలస్యమైనచో బలము తగ్గి పొగ వచ్చుననియు నాకు తెలియని వివరములతో సహా చెప్పెను. దానిని యంత్రపు పుస్తకములో ఎట్లు వ్రాయుదురనగా, ‘టెన్ డిగ్రీస్ బిఫోర్ టాప్ డెడ్ సెంటర్’ వంటి మాటలను వల్లించి, నడుమనే ఆగి నవ్వెను. మొదట కొలత, తరువాత ‘బిఫోర్’, ఆ తరువాత గుర్తు. తన తండ్రి కార్ఖానా గోడమీద ఉన్న వ్యాకరణసూత్రమును వెదకుటకు వాడు మాయింటివరకు వచ్చెను!

ఆటోనగర్‌లో అందరి నోట నానుచున్న మాట మరియొకటి కలదు: ‘అడ్వాన్సు’. పనికి ముందుగా ఇచ్చు సొమ్ము గదా. ఇది ఫ్రెంచిద్వారా ఇంగ్లీషున చేరినది. దాని మూలమున ‘ముందు’ అను అర్థముగల లాటిన్ మాట యున్నది. సేనకు ముందు నడచు దళమును ‘వాన్‌గార్డ్’ అనుటయు ఆ కుదురునుండి వచ్చినదే. బాలుడు ‘టెన్ డేస్ ఇన్ అడ్వాన్స్’ అని వ్రాసియున్నను తగవు లేకపోయెడిది.

ఇక ‘రెండు దినముల క్రిందట వచ్చితిని’ అనుటకు ‘ఐ కేమ్ బిఫోర్ టూ డేస్’ అని మనవారు వ్రాయుదురు. నేటినుండి వెనుకకు లెక్కించునపుడు ‘టూ డేస్ అగో’ అనవలెను. వేరొక సంఘటననుండి వెనుకకు లెక్కించునపుడే ‘బిఫోర్’. మన రేవు చరిత్రమునుండి ఉదాహరణము చెప్పెదను. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను పొగయోడ విశాఖపట్టణపు రేవున ప్రవేశించెను. వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించినది అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీన. కాబట్టి ఓడ రాక ప్రారంభోత్సవమునకు ‘మోర్ దాన్ టూ మంత్స్ బిఫోర్’. దీనినే ‘ప్రిసీడ్’ అను క్రియతో, ఓడ ఉత్సవమును ‘ప్రిసీడ్’ చేసెనని చెప్పవచ్చును. ‘ప్రయర్’ అను మాటను గూడ వాడవచ్చునుగాని, దానిప్రక్క ‘టు’ రావలెను, ‘దాన్’ రాదు. ‘సీనియర్’కును ఇదే నియమము. ‘హీ ఈజ్ సీనియర్ దాన్ మీ’ అని ప్రతి సంవత్సరము ఎన్ని పుటలలో ఎర్రసిరాతో దిద్దుచున్నానో నాకే తెలియును.

మనుష్యులను గూర్చి చెప్పునప్పుడు చిక్కు మరింత సున్నితమైనది. ‘ప్రెడిసెసర్’ అనగా అదే పీఠముపై మనకంటె ముందు కూర్చున్నవాడు. ఒక ప్రధానోపాధ్యాయునకు పూర్వపు ప్రధానోపాధ్యాయుడు ‘ప్రెడిసెసర్’ అగును. పొరుగూరి బడిపంతులు ఎంత పూర్వుడైనను కాడు. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను లండను మిషను వారు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి, సువార్తలను తెలిగింప మొదలిడిరి. వారికి ఎన్నో యేండ్లకు పూర్వమే, 18వ శతాబ్ది పూర్వార్ధమున, మద్రాసునందు బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు తెలుగు అనువాదమునకు పూనుకొనెను. షుల్జ్ వారిని ‘ప్రిసీడ్’ చేసెననుట నిజము. అతని పని వేరు మిషనుది, ఊరు వేరు, కావున ‘ప్రెడిసెసర్’ అనుట తగదు. ‘ఫోర్‌రన్నర్’ అన్నచో ఒప్పునని నా మతము.

‘పయనీర్’ అను మాటను మన ఉపన్యాసకులు పూలదండవలె అందరి మెడలోను వేయుచున్నారు. మొదట ఆ మాటకు అంత వైభవము లేదు. సేనకు ముందు నడచి, చెట్లు కొట్టి, గోతులు పూడ్చి, దారి చేయు కాలిబంటు పయనీరు. తరువాత మద్రాస్ సాపర్స్ అని పేరొందిన దళము 1780లో పయనీర్లు అను పేరుతోనే మొదలయ్యెను. గంట కొట్టు మన ‘ప్యూను’ మాటయు, ఈ మాటయు, పాదమునకు పేరైన లాటిన్ ధాతువునుండి పుట్టిన దాయాదులు. ‘హార్బింజర్’ కూడ ఇట్టిదే. పరివారమునకు ముందుపోయి బస కుదుర్చువాడు. మన ‘హార్బరు’ మాటతో దీనికి చుట్టరికము కలదు, రెండింటికిని మూలార్థము విడిది గనుక.

పండితులలో ఒకరు చెప్పినదానిని మరియొకరు ముందే చెప్పియుండుట కలదు. 1816లో మద్రాసున అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర పీఠిక వ్రాసి, తెలుగు మొదలైన దక్షిణభాషలు సంస్కృతజన్యములు కావని చూపెను. ఈ విషయమును విస్తరించిన కాల్డ్వెల్ గ్రంథము 1856లో వెలువడెను. ఇచ్చట ‘ఎల్లిస్ యాంటిసిపేటెడ్ కాల్డ్వెల్ బై ఫార్టీ ఇయర్స్’ అనవలెను. ఈ క్రియకు ‘ఎదురుచూచుట’ యను ఒక్క అర్థమునే కంఠస్థము చేసినవారికి ఈ వాక్యము వింతగా తోచును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది, అన్నిటికంటె చిన్నదైన ‘ఫస్ట్’. ఈ మాటకు ఎల్లలు గీయక వాడినచో అబద్ధమగును. మన ఉక్కు కర్మాగారము భారతదేశమున మొదటిదనుట అసత్యము. జంషెడ్‌పూరున టాటావారు 1912లోనే ఉక్కు తీసిరి. సముద్రతీరమున వెలసిన సమగ్ర ఉక్కు కర్మాగారములలో మొదటిదనుట సత్యము. 1948 మార్చి 14వ తేదీన నెహ్రూగారు మన నౌకాశ్రయమున జలప్రవేశము చేయించిన ‘జల ఉష’ స్వతంత్రభారతమున నిర్మింపబడిన మొదటి ఓడ. ‘స్వతంత్ర’ యను విశేషణమును తీసివేసినచో, కోరంగిలో తరతరములుగా ఓడలు కట్టిన మన తెలుగు వడ్రంగుల శ్రమ యంతయు ఒక్క మాటతో తుడిచిపెట్టుకొనిపోవును.

మొన్న ఆ బాలుడు మరల వచ్చెను. కార్ఖానా పలకకు క్రొత్తగా రంగు వేయించుచున్నారట. ‘ది ఫస్ట్ లారీ వర్క్‌షాప్ ఇన్ ఆటోనగర్’ అని వ్రాయింపవలెనని తండ్రిగారి కోరిక. “ప్రక్కవీధిలో తాతగారొకరి కార్ఖానా మాకంటె పాతది, మాస్టరుగారూ. నాయన ఆయనయొద్దనే పని నేర్చిరి. ‘ఫస్ట్’ అని వ్రాసినచో ఆయన ఏమనుకొనునో?” యనెను. ఇద్దరమును కూర్చుండి చాలసేపు ఆలోచించి ‘అమంగ్ ది ఎర్లియెస్ట్’ అని దిద్దితిమి. తండ్రిగారు కొంత గొణిగి యొప్పుకొనిరట. అక్షరములు పెరిగినవని పలక వ్రాయువాడు మాత్రము అదనపు కూలి యడిగెనట.