చెవికి మిషన్ పెట్టించారా? ఇక కబుర్లు మొదలెట్టండి!

చెల్లీ, పాపకి ఏడాదిన్నర దాటినా "అమ్మ", "అత్త" అన్న మాటలు రాలేదంటే మన ఇళ్ళల్లో ఏమంటారో నీకు తెలియంది కాదు. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చాయిలే" అని అత్తగారు. "వస అరగదీసి నాలిక్కి రాయి" అని పక్కింటి పిన్నిగారు. నాలిక కింద తీగ కోయించమని ఇంకొకావిడ. అందరి చూపూ నాలిక మీదే! వినపడితేనే కదమ్మా మాట వచ్చేది? ముందు చెవి చూపించాలి.

"పళ్ళెం మీద గరిటెతో కొడితే తిరిగి చూసింది, చెవులు బాగానే ఉన్నాయి" అని సరిపెట్టుకునేవాళ్ళు బోలెడుమంది. నీడ కదిలినా, నేల అదిరినా పిల్లలు తిరుగుతారు. పైగా చాలామందికి వినికిడి పూర్తిగా పోయి ఉండదు. తలుపు దబ్బుమంటే ఉలిక్కిపడతారు, "స", "ష" లాంటి సన్నటి ధ్వనులు మాత్రం అందవు. "పిలిస్తే పలుకుతాడు, చెప్పింది మాత్రం వినడు, మహా మొండి" అన్న పేరు మోసేది ఎక్కువగా ఇలాంటి పిల్లలే.

పరీక్షంటే భయం అక్కర్లేదు. పాప నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసేది ఓఏఈ. తలకి తీగలు అంటించి, శబ్దం నరం గుండా మెదడు వైపు సాగుతోందో లేదో చూసేది బేరా. సూదీ ఉండదు, నొప్పీ ఉండదు. నెలలోపు మొదటి పరీక్ష, 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా మిషనో థెరపీనో మొదలు... డాక్టర్లు చెప్పే లెక్క ఇదీ. నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో ఉన్నవాళ్ళకీ, పుట్టగానే కామెర్లు బాగా ముదిరినవాళ్ళకీ ఓఏఈ ఒక్కటే చాలదు, బేరా కూడా అడిగి చేయించు. 6 నెలలు ఎప్పుడో దాటిపోయాయా? దిగులుపడుతూ కూర్చుంటే ఇంకో నెల పోతుంది. అంతే.

రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది చూడు, "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని! మా వాడి రిపోర్టు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే గొడవ. మేనరికం ఒక కారణం కావచ్చు, కడుపుతో ఉన్నప్పుడు సోకిన రుబెల్లా కావచ్చు, మెదడు పొరల వాపు కావచ్చు. ఏ కారణమూ తేలకపోవడమూ మామూలే. ఇలాంటి పిల్లల్లో 90 శాతానికి పైగా చక్కగా వినపడే తల్లిదండ్రులకి పుట్టినవాళ్ళే. తల్లిని నిలదీస్తే బిడ్డకి ఒక్క మాటా రాదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వినికిడి లోపం కూడా ఉంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ కార్యక్రమం ఆరోగ్య బృందాన్ని అడిగితే జిల్లా కేంద్రానికి రాసిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరీక్షలూ థెరపీ అన్నీ అక్కడే. మిషన్‌తో లాభం లేనంత లోపమైతే ఆపరేషన్ చేసి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చెబుతారు. దానికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. వయసు నిబంధనలు ఉంటాయి కాబట్టి నాన్చొద్దు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా తీసేసుకో. "ఆడపిల్లకి ముద్ర పడుతుంది" అని వెనకాడేవాళ్ళున్నారు. పింఛను, బస్ పాసు, చదువులో రాయితీలు, అన్నిటికీ ఆ కాగితమే ఆధారం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. మిషన్ పెట్టగానే పాప గలగలా మాట్లాడేస్తుందనుకుంటారు. మిషన్ శబ్దాన్ని అందిస్తుందే కానీ భాష నేర్పదు. వారానికి ఓ గంట థెరపీలో నేర్చుకునేది గోరంత. మిగతాదంతా మన వంటింట్లోనే. టీవీ ఆపెయ్. పాపకి మూడడుగుల దూరంలో, వెలుతురు నీ మొహం మీద పడేలా కూర్చో. పోపు వేసేటప్పుడు చెవి చూపించి, "విన్నావా? ఆవాలు చిటపటలాడుతున్నాయి" అను. "ఉల్లిపాయ కోస్తున్నా, అబ్బ, కళ్ళు మండుతున్నాయి" అను. అరవొద్దు, అక్షరాలు సాగదీయొద్దు, మామూలుగా మాట్లాడు. పేరు ఒక్కసారి పిలిచి ఆగు. తిరిగితే మెచ్చుకో.

పొద్దున్నే మిషన్ పెట్టగానే ఓ చిన్న పరీక్ష. పాప వెనక కూర్చుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటే పలుకు. వినపడినప్పుడల్లా గిన్నెలో ఓ చెక్క దిమ్మ వేయాలి. మా వాడికి ఇదే ఆట. ఓ రోజు "స్"కి దిమ్మ పడలేదని, మిషన్‌కి ఉండే చెవి అచ్చు (మోల్డ్) తీసి చూశాను, గొట్టంలో గులిమి. తీసేస్తే మళ్ళీ దిమ్మ పడింది. ఎప్పుడూ గులిమే కాదు, బ్యాటరీ అయిపోయినా, జలుబుతో చెవి మూసుకున్నా ఇలాగే తెలిసిపోతుంది. మిషన్ కీచుమంటోందంటే చాలావరకు మోల్డ్ వదులైనట్టే. పిల్లలు ఎదిగేకొద్దీ కొత్తది కొలత తీయించాలి. రాత్రి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టు. తలంటేటప్పుడు చెవుల్లో నూనె పోయడం మాన్పించు. బ్యాటరీ బిళ్ళలు మాత్రం పిల్లలకి అందనీయకు, మింగితే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

"సైగలు నేర్పితే మాటలు రావు" అంటే నమ్మకు. సైగలు మాటకి అడ్డం రావు. ఇంప్లాంటు కుదరని పిల్లలకి భారతీయ సంజ్ఞా భాషే నిండైన భాష. దానికోసం 2015లో ఢిల్లీలో ఓ జాతీయ కేంద్రమే పెట్టారు. ఏ దారైనా సరే, బిడ్డకి చిన్ననాడే ఓ భాష దక్కాలి.

ఇదంతా ఒక్క తల్లి నెత్తిన వేస్తే ఎంత మనిషైనా కుంగిపోతుంది. కబుర్లు చెప్పడానికి తాతయ్యకి తీరిక ఉంది, నాన్నకీ నోరుంది. థెరపీకి ఈసారి మీ ఆయన్ని పంపు. మోల్డ్ తుడవడం అత్తగారికి నేర్పు. నీ పాపకి వినపడుతోందా లేదా అన్న అనుమానం ఏ మూలన్నా ఉంటే, ఇంకెవర్నీ అడక్కుండా ఈ వారంలోనే పరీక్ష చేయించు.