భైరవ ఉండగానే కొత్త పిల్లా?

సమస్య

మాది అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం, సూ ఫాల్స్. మా లాబ్రడార్ భైరవకు 11 ఏళ్లు. ఏటా అక్టోబరులో ఫెజెంట్ పిట్టల వేట సీజను మొదలవగానే వాణ్ణి తీసుకుని పొలాల వెంట తిరగడం అలవాటు. నిరుడు మధ్యాహ్నానికే వెనక కాళ్లు వణికి గట్టు మీద కూలబడ్డాడు. అయినా తుపాకీ సంచి బయటికి తీస్తే చాలు, తలుపు దగ్గరికొచ్చి మూలుగుతాడు. తెలిసిన బ్రీడరు దగ్గర 8 లాబ్రడార్ పిల్లలున్నాయి, వచ్చి నచ్చినదాన్ని తీసుకోమంటున్నాడు. స్నేహితులేమో ఈసారి జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ తెచ్చుకోమంటున్నారు. ‘వాడుండగా ఇంకోదాన్ని తెస్తే వాడి మనసేం కాను?’ అని మా ఆవిడ బాధ. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు

సలహా

భైరవ ఉండగానే పిల్లను తేవడం మంచిది. పిలిస్తే రావడం, కారులో కుదురుగా కూర్చోవడం లాంటివి పెద్ద కుక్కను చూసి పిల్ల చాలావరకు పట్టేస్తుంది. చెడ్డ అలవాట్లూ అంతే త్వరగా అంటుకుంటాయి కాబట్టి శిక్షణ మాత్రం విడిగా ఇవ్వాలి. పిల్ల మీదపడి చెవులు కొరుకుతుంటే కీళ్ల నొప్పులున్న ముసలి కుక్క కసరడం సహజం. దానికి పిల్ల చేరలేని పడక, వేరే గిన్నె ఉండాలి. వేటను ఒక్కసారిగా మాన్పించనక్కర్లేదు. కాళ్ల వణుకుకు కారణమేమిటో వెటర్నరీ డాక్టరు తేల్చి సరేనంటే, చదునైన చోట కాసేపు తిప్పి తీసుకురావచ్చు.

ఇక జాతి. అది వేటాడే నేలను బట్టి ఉంటుంది. షార్ట్‌హెయిర్ దూరదూరంగా పరుగెత్తి, పిట్ట వాసన తగలగానే ముందుకాలు మడిచి కదలకుండా నిలబడిపోతుంది. గడ్డి మైదానాల్లో దాని పనితనం చూడముచ్చట. కానీ ఫెజెంట్ ఒక పట్టాన ఎగరదు. మొక్కజొన్న సాళ్ల మధ్య పరుగు తీస్తుంది, చలి ముదిరితే జమ్ము దుబ్బుల్లో దూరుతుంది. అలాంటి చోట తుపాకీకి అందే దూరంలోనే తిరుగుతూ, దుబ్బులోకి చొరబడి పిట్టను లేపి, పడ్డదాన్ని నోట కరచి తెచ్చే లాబ్రడారే నయం. దాని రెండు పొరల బొచ్చు మంచునీటికీ తట్టుకుంటుంది.

ఎనిమిదింటిలో ఏది అన్నదానికన్నా, వాటి తల్లిదండ్రులెవరన్నది పెద్ద ప్రశ్న. స్వీడన్‌లో జర్మన్ షెపర్డ్ పిల్లలకు 8 వారాల వయసులో పరీక్షలు పెట్టి, పెద్దయ్యాక మళ్లీ చూశారు. చిన్నప్పటి పరీక్షను బట్టి ఏది పనికొచ్చే కుక్క అవుతుందో చెప్పలేమని 1998లో తేల్చారు. ముందుగా పరుగెత్తుకొచ్చి ఒళ్లో వాలిన పిల్లే మంచి వేటకుక్క అవుతుందన్న భరోసా లేదు.

అడగాల్సిన కాగితాలు మూడు. తల్లిదండ్రుల తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రేలపై ఓఎఫ్‌ఏ (ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్) ఇచ్చిన సర్టిఫికెట్లు మొదటివి. ఆ సంస్థ 24 నెలలు నిండనిదే తుది ధ్రువీకరణ ఇవ్వదు. రెండోది ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్) అనే జబ్బుకు డీఎన్‌ఏ పరీక్ష. ఈ జబ్బున్న లాబ్రడార్ కొద్ది నిమిషాలు ఉధృతంగా పరుగెత్తాక వెనక కాళ్లు పట్టుతప్పి పడిపోతుంది. దాని జన్యువును మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే పిల్లకు జబ్బు. పరీక్షలో ఒక్కరికి ఆ లోపం లేదని తేలినా పిల్లకు భయం లేదు. మూడోది పని రుజువు: అమెరికన్ కెన్నెల్ క్లబ్ వేట పరీక్షల్లో నెగ్గిన జూనియర్, సీనియర్, మాస్టర్ హంటర్ బిరుదులు. వీలైతే తల్లిని పనిలో కళ్లారా చూడాలి.

మార్చిలో పుట్టిన పిల్ల మే నాటికి ఇంటికొస్తుంది, సీజను నాటికి ఏడు నెలలది. తుపాకీ మోతను ఒక్కసారిగా చెవిన వేయకూడదు. పావురం రెక్కతో ఆడుతూ పిల్ల ఒళ్లు మరచి ఉన్నప్పుడు, బాగా దూరాన చిన్న శబ్దంతో మొదలుపెట్టి రోజురోజుకూ దగ్గరికి తేవాలి. తోక ముడిచిందంటే ఆ రోజుకు అక్కడే ఆపాలి. ఎముకలు ఎదిగే వయసు కాబట్టి మొదటి ఏడాది గంటల తరబడి తిప్పకూడదు.

బ్రీడరు దగ్గరికి వెళ్లేటప్పుడు దంపతులిద్దరూ వెళ్లడం మంచిది, భైరవ ఆలనాపాలనా గురించి ఇల్లాలి మాటే ముందు వినాలి. ఆ కాగితాలు చూపించకపోతే మాత్రం, పిల్లలు ఎంత ముద్దొచ్చినా ఈ ఈతను వదిలేయండి.