కాన్పుకు వేళయిందని చెప్పే రోగనిరోధక సంకేతాలు

ఒకరి కిడ్నీని మరొకరికి అమరిస్తే, శరీరం దాన్ని తిరస్కరించకుండా ఏళ్ల తరబడి మందులు వాడాలి. మరి సగం జన్యువులు తండ్రి నుంచి వచ్చిన బిడ్డను తల్లి శరీరం తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెదవర్ ఈ ప్రశ్నను ముందుకు తెచ్చారు. తల్లి రోగనిరోధక వ్యవస్థ మందగించడం ఒక కారణం కావచ్చని ఆయన భావించారు. అయితే అది మందగించదనీ, దశను బట్టి పని మార్చుకుంటుందనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మొదటి దశలో పిండం గర్భాశయ గోడలో నాటుకుంటుంది. గాయం మానేటప్పుడు కనిపించే వాపు సంకేతాల వంటివే అక్కడ వెలువడతాయి. ఆ పొరలో చేరే తెల్ల రక్తకణాల్లో సుమారు 70 శాతం 'సహజ హంతక కణాలు'. పేరుకు హంతకులైనా, ఇక్కడ ఇవి మాయకు రక్తం బాగా అందేలా తల్లి రక్తనాళాలు వెడల్పు కావడానికి తోడ్పడతాయి. మాయ కణాలు కూడా హెచ్‌ఎల్‌ఏ-జి అనే ప్రొటీన్‌తో 'దాడి వద్దు' అనే సంకేతం ఇస్తాయి.

రెండో దశ ప్రశాంతంగా సాగుతుంది. నియంత్రణ టి-కణాలు వాపును అదుపులో ఉంచుతాయి. బిడ్డ పెరిగేది ఎక్కువగా ఈ కాలంలోనే.

నెలలు నిండాక వాపు సంకేతాలు మళ్లీ మొదలవుతాయి. తెల్ల రక్తకణాలు గర్భాశయ కండరంలోకి, ముఖద్వారంలోకి చేరి ఇంటర్‌ల్యూకిన్లు అనే సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి. ముఖద్వారం మెత్తబడుతుంది, నొప్పులు మొదలవుతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. గర్భాశయంలోకి బ్యాక్టీరియా చేరినా ఇవే సంకేతాలు వెలువడతాయి. అప్పుడు నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. 37 వారాలకు ముందే జరిగే కాన్పులకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇన్ఫెక్షన్ వాటిలో ముఖ్యమైనది. 2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది శిశువులు ఇలా ముందుగా పుట్టారని అంచనా. వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఈ ముప్పును ముందే పసిగట్టేందుకు ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ ఆధ్వర్యంలో 'గర్భిణి' అధ్యయనం 2015లో మొదలైంది.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి ఏ బాధా లేకుండానే ఉంటుంది. అందుకే గర్భిణులు మూత్ర పరీక్ష మానకూడదు. జ్వరం, మూత్రంలో మంట, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు కారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.