గుండె రక్షణకు తొలి ముద్ద తల్లిది

నలభై దాటినవారు గుండెకు ఏ లేహ్యము మేలు, ఏ చూర్ణము మేలు అని వైద్యుని అడుగుతూ ఉంటారు. కాని గుండెకు, రక్తనాళములకు చేయవలసిన రక్షణ అంతకు ఎంతో ముందు, తల్లి విస్తరిలోనే మొదలవుతుంది. మన తెలంగాణ పల్లెలలో జరిగిన ఒక పరిశోధన ఈ సంగతినే సూచిస్తున్నది.

హృద్రోగము పట్టణవాసులకే వస్తుందనుకొనుట పొరపాటు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో మరణకారణములను విచారించగా, దాదాపు మూడవ వంతు మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వల్లనే సంభవించినట్లు తేలినది.

ఇక అసలు విషయము. 1987-90 మధ్య హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నగరానికి చేరువలోని 29 గ్రామాలను ఎంచుకొన్నారు. 15 గ్రామాలలో అంగన్‌వాడీ భోజన పథకము అప్పటికే అమలులో ఉన్నది. 14 గ్రామాలకు ఇంకా రాలేదు. పథకమున్న చోట గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టేవారు. గర్భిణికి దాని వలన దినమునకు సుమారు 500 కేలరీలు, 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభించేవి. ఇంతకు మించి అందులో దివ్యౌషధమేమియు లేదు.

ఆ పిల్లలు 13-18 ఏండ్ల వయసుకు వచ్చిన పిదప 1165 మందిని పరీక్షించి, 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితములు ప్రకటించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణము వారిలో 20 శాతము తక్కువ. నాడీతరంగమును యంత్రముతో కొలువగా ధమనుల బిరుసుతనము 3.3 శాతము తక్కువ. మనము మూడు వ్రేళ్లతో పట్టి చూచు నాడి మృదుత్వమునే వారు అంకెలలో పెట్టారన్నమాట! రక్తపోటులోను, రక్తములోని కొవ్వులలోను మాత్రము చెప్పుకోదగిన తేడా లేదు. ఆ గ్రామాలు చీట్లు వేసి ఎంచినవి కావు గనుక, అంతా ఉప్మా మహిమయే అని ఒట్టుపెట్టి చెప్పరాదు. అయినను కౌమారములోనే ధమనులలో తేడా కనబడుట చిన్న సంగతి కాదు.

సుశ్రుతుడు నాలుగవ మాసమున గర్భిణిని రెండు హృదయములు గలదిగా పరిగణించి, ఆమె కోరికను మన్నించుమన్నాడు. అదే మాసమునకు చరకుడు పాలు, వెన్న విధించాడు. మన ఇండ్లలో జరిగేది వేరు. తిరుమలగిరి పరిసరాలలో నేటికీ కొందరు అత్తలు, బిడ్డ లావైతే కాన్పు కష్టమని కోడలి కంచములో ముద్ద తగ్గిస్తారు. ఆకలి గల గర్భిణికి అన్నము తగ్గించుట ఏ సంహితలోను లేదు. ఈ అలవాటు మానవలెను. జొన్నరొట్టె, పెసరపప్పు, గంగవాయిలి కూర, పాలు, అలవాటున్నవారికి గుడ్డు ఇవ్వవలెను. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో పెట్టే భోజనమును, మధ్యతరగతివారమని నామోషీ పడి మానుకొనరాదు. మధుమేహము, అధిక రక్తపోటు గల గర్భిణి మాత్రము డాక్టరు చెప్పిన మితమునే పాటించవలెను.

పుట్టి పెరిగినవారి మాటేమి? చుట్ట, బీడీ, సిగరెట్ విడువవలెను. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఆవకాయలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. రోజూ అరగంట వడిగా నడవవలెను.

తెల్లమద్ది బెరడు చూర్ణము 5 గ్రాములు, పాలు 40 మిల్లీలీటర్లు, నీరు 160 మిల్లీలీటర్లు కలిపి, పాలు మాత్రము మిగులువరకు సన్నని సెగపై కాచి వడగట్టి త్రాగుట మన సంప్రదాయము. దీనిని వైద్యుని అడిగి వాడవలెను, గర్భిణులు వాడరాదు. దీనిని నమ్మి రక్తపోటు మాత్రలు ఆపుట ప్రాణాంతకము. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేక దవడకు ప్రాకే నొప్పి, చెమటలు కలిగినచో కషాయము కాచుతూ కూర్చొనక 108కి ఫోను చేయండి.