విద్యానగరము నుండి వేంకటాద్రికి

తిరుమల యాత్రకు వచ్చు భక్తులు దారిలో ఎన్నియో పాడుపడిన కోటలను చూచుచుందురు. కోటను చూచుట వినోదమనియు, కోవెలను సేవించుట పుణ్యమనియు తలచి, ఆ రెండింటిని వేఱువేఱుగా లెక్కించుట మనకు అలవాటు. కాని హంపి, పెనుగొండ, చంద్రగిరి, తిరుమల అను నాల్గు స్థలములను ఈ వరుసలోనే ఒక యాత్రగా సేవించినచో, ఒక్కొక్క స్థలము తరువాతి దానికి వ్యాఖ్యానమగును. మొదటి మూడును విజయనగర చక్రవర్తుల రాజధానులు. నాల్గవది వారు చేతులు జోడించి నిలిచిన సన్నిధి. రాజధానులు మూడు మాఱినవి, సన్నిధి మాఱలేదు. అంతటి రాతిగోడలు నిలువక, పూటపూటకు చమురు పోయవలసిన దీపము నిలిచినదెట్లు? ఈ యాత్రలో భక్తుడు తెలిసికొనవలసిన విషయమిదియే.

హంపి

విద్యానగరమని కీర్తి గన్న ఈ రాజధాని 1336లో స్థాపింపబడినదని ప్రసిద్ధి. తుంగభద్రా తీరమున గుట్టల నడుమ వ్యాపించిన ఈ శిథిలనగరమును 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. కర్ణాటకలోని హోస్పేటకు చేరి అక్కడినుండి పోవలెను.

మొదట విరూపాక్షస్వామిని దర్శింపవలెను. ఇచట పూజ నేటికిని సాగుచున్నది. పిమ్మట కృష్ణాలయము. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును జయించి, అచటి బాలకృష్ణమూర్తిని తెచ్చి 1515లో ఇందు ప్రతిష్ఠించెను. నేడు గర్భాలయము శూన్యము. ఆ మూర్తి చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. సమీపముననే 1528లో ఒకే శిలలో మలచిన లక్ష్మీనరసింహమూర్తి కలదు. స్వామి అంకమున నుండిన అమ్మవారి విగ్రహము భగ్నమైనది. అయినను స్వామి వెనుకవైపునకు పోయి చూచినచో, ఆయనను చుట్టియున్న అమ్మవారి హస్తము నేటికిని కానవచ్చును. భక్తులు తొందరపడక, ఆ ఒక్క హస్తమును చూచి రావలెను.

మాతంగపర్వతపు ఒడిలో తిరువేంగళనాథుని ఆలయమున్నది. అచ్యుతరాయల కాలమున, 1534లో కట్టబడిన ఈ ఆలయము మన శ్రీనివాసునిదే. ప్రాకారములు, మండపములు, ఎదుట విశాలమైన అంగడివీథి, అన్నియు నున్నవి, స్వామి లేడు. రాతిరథముతో లోకప్రసిద్ధమైన విఠలాలయమునందును అంతియే. ఆ రథము వాస్తవమునకు గరుత్మంతుని సన్నిధి. రాజప్రాసాదముల నడుమనున్న హజారరామాలయపు గోడలపై రామాయణగాథ వరుసగా చెక్కబడియున్నది. కథను చెప్పు గోడలున్నవి గాని, వినిపించు అర్చకుడు లేడు.

1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. అతని తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో పెనుగొండకు తరలిపోయెను. పౌరులు నగరమును విడిచిరి. కొలుచువారు పోగా కోవెలలు మూగవోయినవి. విరూపాక్షుని సన్నిధి, మాల్యవంత రఘునాథుని సన్నిధి మొదలగు కొన్నింట మాత్రము ఆరాధన నేటికిని కలదు.

పెనుగొండ

బళ్ళారి, అనంతపురముల మీదుగా పెనుగొండ చేరవచ్చును. కొండను చుట్టిన కోట, గగనమహలు చూడదగినవి. ఊరిలో రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదాని గోడలపై రామకృష్ణుల కథలు, వేఱొకదానిపై శివలీలలు. ఆపదలో తలదాచుకొనిన రాజ్యము ఇచట కొంతకాలము నిలద్రొక్కుకొనెను. ఇచటినుండి చంద్రగిరికి పోవుచు త్రోవలో కదిరి నరసింహస్వామిని సేవింపవచ్చును.

చంద్రగిరి

తిరుపతికి చేరువనున్న ఈ దుర్గమునకు రెండు మాఱులు మహర్దశ పట్టెను. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయలు ఈ దుర్గమునుండియే ఎదిగెను. రాజ్యము క్షీణించిన పిదప వేంకటపతిరాయలు (1586–1614) దీనిని తన రాజధానిగా చేసికొనెను. పూర్వపు చక్రవర్తుల శాసనముల చివర విరూపాక్షుని నామముండగా, ఈయన వేంకటేశుని నామమును వ్రాలుగా నుంచెను. నాణెములపై సైతము స్వామి పేరునే ముద్రించెను. మూడంతస్తుల రాజమహలు, దాని చెంత రాణీమహలు నేడు పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి. సమీపముననే శ్రీనివాసమంగాపురమున కల్యాణవేంకటేశ్వరుని దర్శించి, శ్రీవారిమెట్టు దారిన నడచి కొండ నెక్కవచ్చును.

తిరుమల

మహాద్వారము దాటి లోనికి పోవు భక్తుల చూపు స్వామివైపే యుండుట సహజము. అయినను ద్వారము దాటగానే గల ప్రతిమామండపమున ఒక్క క్షణము కన్నెత్తి చూడుడు. తిరుమలదేవి, చిన్నాదేవులతో కృష్ణరాయలు అంజలి ఘటించి నిలిచియున్నాడు. రెండవవైపున వరదాంబికతో అచ్యుతరాయలు, ఆ చెంతనే వేంకటపతిరాయలు. హంపి నేలిన వారును, చంద్రగిరి నేలిన వాడును ఇచట ఒకే మండపములో, ఒకే భంగిమలో సేవకులై యున్నారు. రాజధానులలో వారి సింహాసనములు కానరావు. ఇచట వారి నమస్కారము మిగిలినది.

కృష్ణరాయలు 1513 మొదలు 1521 వఱకు ఏడుమాఱులు కొండకు వచ్చెను. 1514లో 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకము చేసెను. 1518లో ఆనందనిలయ విమానమునకు బంగారుపూత పూయించెను. ఈ దానములను తెలుగు, తమిళ, కన్నడ భాషలలో రాతిపై చెక్కించెను. ఇవి అందఱెఱిగినవే. కాని ఈ ఆలయపు శాసనములలో అంతకంటె గమనింపవలసిన దొక్కటి కలదు. అది కైంకర్యము సాగిన విధానము.

దాత ఇచ్చిన ధనమును ఊరక భాండాగారమున నుంచలేదు. దానితో స్వామివారి గ్రామములలో చెఱువులు, కాలువలు త్రవ్వించిరి. నీరు పాఱిన పొలములలో పంట హెచ్చెను. ఆ హెచ్చిన రాబడితో దాత కోరిన నైవేద్యము అనుదినము జరుగవలెనని కట్టడి చేసిరి. నివేదించిన ప్రసాదములో నాల్గవ భాగము దాతకు చెందును. దానినే శాసనములు ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేర్కొన్నవి. అనేకులు ఆ వంతును యాత్రికుల అన్నదానమునకే విడిచిపెట్టిరి. సాళువ నరసింహరాయలు ఏర్పఱచిన రామానుజకూటములలో కందాడై రామానుజయ్యంగారి పర్యవేక్షణమున యాత్రికులకు ఆ విధముగనే అన్నము పెట్టిరి. ఇట్లు ఒక్క దానము రైతునకు నీరై, స్వామికి నైవేద్యమై, బాటసారికి భోజనమయ్యెను.

చక్రవర్తుల ప్రభుత్వము పోయినది. పిదప ఆర్కాటు నవాబులు, 1801లో కుంఫిణీవారు, 1843లో హథీరాంజీ మఠపు మహంతులు, 1933లో దేవస్థాన ధర్మకర్తల సంఘము, ఇట్లు పాలన చేతులు మాఱుచు వచ్చెను. రాజులిచ్చిన గ్రామములు ఆనాటి రీతిని నిలువలేదు. అయినను సుప్రభాతవేళ తలుపులు తెఱచు చేయి, పూలు కట్టు చేయి, అన్నము వండు చేయి ఏ తరమునను కొఱవడలేదు. కోటను రాజొక్కడు కాపాడవలెను. కైంకర్యమును అందఱును పంచుకొందురు. అందువలననే ఇది నిలిచినది.

యాత్రికులకు మనవి

స్వామి లేని ఆలయమును సైతము ఆలయముగనే భావింపుడు. హంపిలో పాదరక్షలతో గర్భాలయమున ప్రవేశింపకుడు; విఠలాలయపు స్వరస్తంభములను తట్టకుడు; గోడలపై పేర్లు వ్రాయకుడు. పిల్లలకు గోడలపైనున్న రామాయణమును చూపి కథ చెప్పుడు. ఆ క్షణమున ఆ గోడకు మరల అర్చకుడు లభించినట్లే.

ఇంటికి మరలిన పిదప మఱియొకటి చేయదగియున్నది. మన గ్రామములలో ధూపదీపములకు నోచుకొనని వేణుగోపాలుని, చెన్నకేశవుని కోవెలలు ఎన్నియో కలవు. వానికి 30,000 వరహాలు అక్కఱలేదు. వారమున కొక దినము ఒక్కొక్క కుటుంబము దీపము వెలిగించి, తులసీదళము సమర్పించి, పిడికెడు ప్రసాదము పంచినచో చాలును. ఏడు కుటుంబములు కలిసినచో నిత్యారాధనయే జరుగును. తిరువేంగళనాథుని శూన్యమందిరమును చూచి వచ్చిన కన్నులకు, ఆ చిన్న దీపము విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.